స్కోరుబోర్డులో లేనోడు, సర్వీసు రిజిస్టర్లో ఉన్నోడు

(ఆట – కులం – కొలువు: 6వ భాగం)



పోయిన భాగంలో పల్వంకర్ బాలూ గురించి రాశాక కొందరు తమ్ముళ్ళు అడిగారు. "అన్నా, క్రికెట్ సరే, మన విశాఖలో ఫుట్‌బాల్ ఆడిన మనోళ్ళ చరిత్ర ఎక్కడుంది?" అని. ఎక్కడుందో ఈ భాగంలో చెప్తాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆఫీసు బీరువాల్లో ఉంది.

బాలూకి ఒక్క విషయం కలిసొచ్చింది. ఆయన బౌలర్. పూనాలో ఆయనకి టీ బయట నిలబెట్టి మట్టి ముంతలో పోసినోళ్ళు కూడా, ఆయన తీసిన వికెట్లని స్కోరు పుస్తకంలో రాయక తప్పలేదు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకి పైగా వికెట్లు. మనిషిని గుమ్మం బయట ఆపగలిగారు గానీ, ఆయన అంకెని ఆపలేకపోయారు.

ఫుట్‌బాల్లో ముందు ఆడేవాడికి కూడా అంకె ఉంది. దాన్నే గోల్ అంటాం. మరి వెనకాల నిలబడి ఆడేవాడికి? మన కాలనీల్లో "ఆడు బ్యాక్ ఆడతాడ్రా" అంటామే, ఆ మనిషికి? ఆయన ఆపిన బంతులు ఎక్కడ రాశారు? ఆయన అడ్డుపడకపోతే పడేవి నాలుగు గోల్స్. ఆ పడని నాలుగు గోల్స్ ఏ లెక్కలో ఉన్నాయి?

అందుకే ఈ భాగం బ్యాక్ ఆడినోళ్ళ గురించి. అందులోనూ పేపర్లో ఫొటో పడని కింది స్థాయి టీముల్లో, ఆటతోనే పొట్ట పోసుకున్నోళ్ళ గురించి.

1. ఆపినవాడి పేరు

1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫైనల్. ఇండియా 2, దక్షిణ కొరియా 1. గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. పోటీ పరీక్షలు రాసే పిల్లలు కూడా ఈ పేర్లు బట్టీ పట్టి ఉంటారు. అయితే జర్నైల్ సింగ్ అసలు ఆడేది స్టాపర్ బ్యాక్. ఆ టోర్నీలో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అందుకని కోచ్ రహీమ్ సాబ్ ఆయన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. అక్కడ గోల్ కొట్టాడు, చరిత్రలో నిలిచిపోయాడు.

అదే టీములో వెనక ఆడే అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? గమనించండి. బ్యాక్ ఆడేవాడి పేరు లోకానికి బాగా తెలియాలంటే ఆయన తన చోటు వదిలి ముందుకు పోవాలి. తన చోటులో ఉండి తన పని తను బాగా చేసినంత కాలం ఆయన ఎవరికీ కనబడడు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? కాలవ తీసే మనిషి పని కూడా ఇలాంటిదే. మురుగు పొంగిన రోజున ఊరంతా ఆయన్ని తిడుతుంది. పొంగని మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆయన ఉన్నాడని ఎవరికీ గుర్తు రాదు. రైలు పట్టా మీద కీ బిగించుకుంటూ నడిచే గ్యాంగ్‌మన్ పనీ అంతే. జరగకుండా ఆపిన ప్రమాదాలకి లెక్క ఉండదు. మన పెద్దలు తరతరాలుగా చేసింది ఎక్కువగా ఈ రకం పనే. అందుకే మన చరిత్ర రాయాలంటే స్కోరుబోర్డు చూస్తే సరిపోదు.

"స్టాపర్" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకుందాం. పాత రోజుల్లో ఇద్దరే బ్యాకులు, ముందు ఐదుగురు ఫార్వర్డులు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మార్చారు. అంతకుముందు ఫార్వర్డుకీ గోల్ లైనుకీ మధ్య ఎదుటి ఆటగాళ్ళు ముగ్గురుండాలి, కొత్త నియమంలో ఇద్దరుంటే చాలు. దాంతో గోల్స్ వరదలా పడ్డాయి. ఆ వరదని ఆపడానికి మధ్యలో ఆడే హాఫ్‌బ్యాక్‌ని వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల నడుమ నిలబెట్టారు. ఆయనే స్టాపర్. 1958లో బ్రెజిల్ నలుగురు బ్యాకులతో ప్రపంచ కప్ గెలిచింది. లోకం ఆ పద్ధతికి మళ్ళినా, మన మల్కాపురం, కంచరపాలెం గ్రౌండ్లలో "స్టాపర్" అనే పేరు మాత్రం పోలేదు.

2. ఆడటానికి పొద్దు ఎవరిచ్చారు?

ఆటకి ముందు కావాల్సింది బంతి కాదు, ఖాళీ పొద్దు. కూలోడికి పొద్దు ఎక్కడిది?

ఇంగ్లండులో మ్యాచులు శనివారం మధ్యాహ్నమే ఎందుకు మొదలవుతాయో చూడండి. 1850 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ శనివారం రెండు గంటలకల్లా పని ఆపాలంది. వాళ్ళు ఆగితే మిల్లే ఆగుతుంది. అలా దొరికిన సగం రోజులో పుట్టిందే కార్మికుల ఫుట్‌బాల్. ఆడినందుకు డబ్బు తీసుకోవడాన్ని 1885లో ఒప్పుకున్నారు, 1888లో లీగ్ పెట్టారు. ఆడినందుకు డబ్బు అడగడం నీచమని అన్నదెవరు? తాతల ఆస్తి మీద బతికే దొరలు. కూలి పోగొట్టుకుని ఆడలేమని అన్నదెవరు? మిల్లు కార్మికులు. ప్రొఫెషనల్ అనే మాట వెనక ఉన్నది ఈ కూలి తగాదాయే.

మన దేశానికి వద్దాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకి తగ్గించే సవరణ ఆయన చేతుల మీదుగా నడిచి 1946లో చట్టమైంది. బాబాసాహెబ్‌ని మనం రాజ్యాంగంలో చూస్తాం, నీలం జెండాలో చూస్తాం. నేనైతే సాయంత్రం నాలుగున్నరకి షిఫ్టు దిగి, సైకిల్ హ్యాండిల్‌కి బూట్లు తగిలించుకుని గ్రౌండుకి పోయే ఖలాసీలో కూడా చూస్తాను. ఆ సాయంత్రం ఆయనిచ్చిందే.

ఇదేదో పాత కథ అనుకోకండి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పని పరిమితిని పది గంటలకి పెంచడానికి ఒప్పుకుంది. పది గంటలు పని, రానూపోనూ రెండు గంటలు. ఇంక గ్రౌండు ఎక్కడ, బంతి ఎక్కడ?

3. కానిస్టేబుల్ టోపీ, రైల్వే పాసు

మన దేశంలో 1996 దాకా జాతీయ స్థాయి లీగే లేదు. మరి అంతకు ముందు ఆటగాళ్ళు ఏం తిని బతికారు? ఉద్యోగం. పోలీసు, రైల్వే, మిలటరీ, పోర్టు, మిల్లు. కాగితం మీద వాళ్ళు అమెచ్యూర్లు. నిజానికి వాళ్ళ ఆటకి దొరికిన జీతం ఆ ఉద్యోగమే.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ హైదరాబాద్ సిటీ పోలీస్ టీము. నడిపింది సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి బడి పంతులు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ ఈ టీముదే. ఆడినోళ్ళు చాలామంది పేద ముస్లింల బిడ్డలు. వాళ్ళకి ఆట పోలీసు కొలువు ఇచ్చింది, కొలువు ఆటకి తిండి పెట్టింది.

అందులో అజీజుద్దీన్ అని ఒక బ్యాక్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. పది గోల్స్ పడిన రోజున దేశం ఎవరిని చూస్తుంది? వెనకాల ఉన్నోడినే. నాలుగేళ్ళ తరవాత 1956 మెల్‌బోర్న్‌కి వెళ్ళిన జట్టులో కూడా ఆ అజీజుద్దీన్ ఉన్నాడు. ఆ జట్టు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వచ్చింది. నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టాడని అందరూ రాస్తారు, రాయాలి కూడా. పది గోల్స్ అవమానం మోసి, తిరిగొచ్చి, మళ్ళీ అదే చోట నిలబడ్డ మనిషి గురించి ఎవరు రాస్తారు?

హైదరాబాద్ నుంచే వచ్చిన ఇంకో బ్యాక్ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్. ఆ తరవాత మళ్ళీ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకి పతకం లేదు.

ఇప్పుడు రైల్వే సంగతి. మన విశాఖకి దగ్గర కథ ఇదే. బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే బీఎన్ఆర్, 1887లో పుట్టిన కంపెనీ. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆఫీసు, ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు, ఇవతల కొసన మన వాల్తేరు. విశాఖకి రేవు కావాలని ముందుపడ్డదీ ఆ కంపెనీయే. మధ్య పరగణాల మాంగనీసు ఓడ ఎక్కాలంటే దగ్గర దారి ఇది. 1931కి రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది, 1933లో హార్బర్ తెరిచారు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి మన జనం ఒక చేత్తో సంచి, ఒక చేత్తో బిడ్డని పట్టుకుని ఇటు వాల్తేరుకీ అటు ఖరగ్‌పూర్‌కీ రైలెక్కారు. ఖరగ్‌పూర్‌లో ఇవాళ్టికీ తెలుగు వాడలున్నాయంటే కారణం ఇదే.

ఆ బీఎన్ఆర్‌కి కలకత్తా లీగులో ఒక ఫుట్‌బాల్ టీము. రైల్వే పేరు సౌత్ ఈస్టర్న్ అని మారాక కూడా టీము పేరు బీఎన్ఆర్‌గానే ఉండిపోయింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి కొమ్ములు తిరిగిన క్లబ్బుల మధ్య ఇది కూలీనాలీ కంపెనీ టీము. 1964లో ఆ టీము రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది మే 27న ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద రెండో నిమిషంలోనే ఇండియాకి గోల్ కొట్టిన ఫార్వర్డ్ పేరు అప్పలరాజు, బీఎన్ఆర్ ఆటగాడు. అది నెహ్రూ చనిపోయిన రోజు. మన్నాడు పేపర్లలో ఆ గోల్‌కి చోటెక్కడ దొరుకుతుంది? అప్పలరాజు! సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే ఉత్తరాంధ్రలో ఆ పేరు వింటే మన వీధిలో మనిషిని పిలిచినట్టు ఉండదూ?

ఇంకొకటి. సికింద్రాబాద్ అమ్ముగూడ పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్లో దేవుడిలాంటి ఫార్వర్డ్. 1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్‌లో చేరాడు. కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ముప్పై నిండకుండానే ఆట అయిపోయింది. 2023 ఫిబ్రవరి 16న చనిపోయేదాకా ఆ మనిషి బతికింది మైదానంలో చప్పట్ల మీద కాదు, రైల్వే కొలువు మీద. అంత పెద్ద ఆటగాడికే కొలువు అంత అవసరమైతే, పేరు లేని బ్యాక్‌కి ఎంత అవసరమో ఆలోచించండి.

4. మా మావయ్య ఇంటర్వ్యూ

విశాఖలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1941లో సింధియా వాళ్ళ షిప్‌యార్డుకి శంకుస్థాపన, 1948లో జల ఉష నీళ్ళలోకి దిగింది. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఒక్కో సంస్థకి ఒక కాలనీ, కాలనీకి ఒక గ్రౌండు, గ్రౌండుకి ఒక టీము. ఆటగాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి 1980లో కేంద్రం ఒక ఉత్తర్వు కూడా ఇచ్చింది. గ్రూప్ సి, గ్రూప్ డి కొలువులకి. అంటే గుమాస్తా, ఖలాసీ, ప్యూను.

మా అమ్మ తమ్ముడు ఆ దారిలోనే ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఖలాసీగా చేరాడు. ఏ సంస్థో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. విజయనగరం వైపు పల్లె. టెన్త్ తప్పాడు. నల్లగా, తాటిదుంగలా ఉండేవాడు, స్టాపర్ ఆడేవాడు. తన ఇంటర్వ్యూ సంగతి చెప్పేటప్పుడు నవ్వేవాడు.

"ఒరే అల్లుడూ, అందరికీ ఇంటర్వ్యూ టేబుల్ కాడ అవుద్ది. నాకు పెనాల్టీ బాక్సులో అయినాది. ఆఫీసర్లు గొడుగు కింద కుర్సీలేసుకుని కూకున్నారు. అయిదుగురు కుర్రోళ్ళని నా మీదకి ఒదిలేరు. ఆళ్ళని నేను దాటనిత్తే మీ అత్తకి పుస్తెలు నేవు, మనకీ కూడు నేదు."

దాటనివ్వలేదు. కొలువొచ్చింది. పొద్దున్న డ్యూటీ, మధ్యాహ్నం నించి ప్రాక్టీసు. మ్యాచ్ ఉన్న రోజు పూర్తి ఆన్ డ్యూటీ. ఆ జీతంతో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, క్వార్టర్లోకి మారాడు, పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేశాడు. డిగ్రీ కాగితం లేని మాల కుర్రాడికి ఆ గేటు తెరుచుకోవడానికి ఆట ఒక తాళంచెవి అయ్యింది.

అలాగని ఆ గేటు లోపల కులం లేదని చెప్పను. ఒకసారి మావయ్య వాళ్ళ టీము ఒక టోర్నమెంటు గెలిచింది. ఫైనల్ ఒకటి, సున్నా. ఆ సున్నా ఎవరిది? గొప్పగా సావనీర్ అచ్చేశారు. కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక ఫార్వర్డులు, కింద ఓ మూల మావయ్య. ఫొటో కింద ఏడుగురి పేర్లు రాసి, చివర "తదితరులు" అని పెట్టారు. మా మావయ్య ఆ తదితరుల్లో ఉన్నాడు. ఆ పుస్తకం ఇంట్లోనే ఉండేది. ఆయన ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. మా అత్తే ఒకసారి అంది, "మీ మావయ్య పేరు ఏటంటే తదితరులంటరా, సూడు" అని.

ఒక ఆటలో మోకాలు పోయింది. అక్కడితో ఆట అయిపోయింది. కొలువు అయిపోలేదు. సంస్థ ఆసుపత్రిలో ఆపరేషన్, నెలల తరబడి సెలవు, తరవాత లైట్ డ్యూటీ. స్టోర్సులో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఆయన పోయాక కాగితాల కోసం ఆఫీసుకి వెళ్ళినప్పుడు నేను సర్వీసు రిజిస్టర్ చూశాను. తండ్రి పేరుతో సహా పూర్తి పేరు. పుట్టుమచ్చలు. కులం. చేరిన తేదీ. ఏ ఏ తేదీల్లో ఏ ఊళ్ళో టోర్నమెంటుకి ఆన్ డ్యూటీ వెళ్ళాడో వరసగా. మోకాలికి ఎన్ని రోజులు సెలవో. సావనీర్‌లో తదితరుడైన మనిషి, రిజిస్టర్లో మాత్రం ఎర్ర సిరా గీతల మధ్య నిండుగా ఉన్నాడు. ఆటగాడిగా ఆయన చరిత్ర రాసి పెట్టిన ఒకే ఒక్క పుస్తకం అది. ఆ పుస్తకం కూడా ఆయనకి ఎందుకుంది? పర్మినెంట్ కొలువు ఉంది కాబట్టి.

5. సముద్రం అవతల ఒక రైట్ బ్యాక్

మరి ఆటే కొలువైన చోట సంగతేంటి? ఇంగ్లండు చూద్దాం. అక్కడ పై డివిజన్ కింద ఇంకో మూడు డివిజన్లు. వందల మంది ప్రొఫెషనల్స్. 1961 దాకా ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకి మించి ఇవ్వకూడదని నియమం. యూనియన్ సమ్మె నోటీసు ఇస్తేనే అది పోయింది.

ఆ కింది డివిజన్లలో నల్లవాళ్ళ కథ మన కథలాంటిదే. జాక్ లెస్లీ ప్లిమత్ టీములో పదమూడేళ్ళు ఆడాడు, 137 గోల్స్ కొట్టాడు. 1925లో ఇంగ్లండు జట్టుకి పిలుపొచ్చింది, తరవాత పేరు మాయమైంది. రంగు చూసి తీసేశారని జీవితాంతం అన్నాడు. ముసలితనంలో ఇంకో క్లబ్బులో ఆటగాళ్ళ బూట్లు తుడిచాడు. విగ్రహం పెట్టింది 2022లో. అంకెలున్న ఫార్వర్డ్‌కే ఇంత కాలం పట్టింది.

మన భాగానికి సరిపోయే మనిషి బ్రెండన్ బాట్సన్. 1953లో గ్రెనడా దీవిలో పుట్టాడు. రైట్ బ్యాక్. ఆర్సెనల్లో నిలదొక్కుకోలేక 1974లో కేంబ్రిడ్జ్ యునైటెడ్‌కి వెళ్ళాడు. ఆ క్లబ్బు ఆ ఏడాదే నాలుగో డివిజన్‌కి, అంటే అట్టడుగుకి పడిపోయింది. అక్కడ కెప్టెన్ అయ్యి 1976–77లో ఆ డివిజన్ గెలిపించాడు. 1978లో పై డివిజన్‌లోని వెస్ట్ బ్రామ్‌విచ్‌కి వెళ్ళాడు. ఊరూరా స్టేడియాల్లో కోతి కూతలు, అరటిపళ్ళు విసరడాలు. 1982లో మోకాలు పోయింది. మా మావయ్య లాగే.

మోకాలు పోయాక ఆయనకి లైట్ డ్యూటీ ఇచ్చే స్టోర్సు లేదు. ఉన్నది యూనియన్. ఆటగాళ్ళ సంఘంలో చేరి ఏళ్ళ తరబడి దాన్ని నడిపించినవాళ్ళలో ఒకడయ్యాడు. బ్యాక్ ఆడినోడికి ఒక అలవాటు ఉంటుంది. మైదానం మొత్తం తనకి కనబడుతుంది, పక్కనోడు ఎక్కడ ఖాళీ వదిలాడో ముందు తనకే తెలుస్తుంది. సంఘం పని కూడా అదే కదా.

6. ఒకటే మాట: కాంట్రాక్టు

ఇప్పుడు మన దగ్గరకి వద్దాం. 2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుల్ని ఒప్పుకుంది. అందులో ఒకటి విశాఖపట్నం పేరు మీద శ్రీనిధి సంస్థ క్లబ్బు. ఇక్కడ కుర్రాళ్ళు ఎంత సంబరపడ్డారో! క్లబ్బు 2021–22లో ఆడింది. శ్రీనిధి డెక్కన్ అయ్యింది. దాని సొంత మైదానం హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ ఎరీనా. బాగా ఆడింది, 2022–23లో, 2023–24లో వరసగా రెండో స్థానం. ఓడరేవు ఊరి పేరు దరఖాస్తు కాగితం మీద మిగిలింది. మన గ్రౌండ్ల పిల్లలు ఆ ఆట ఫోన్లో చూశారు.

పెద్ద లీగులో ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. రెండేళ్ళు తిరక్కుండానే జీతాల బకాయిల గొడవ, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. అదే 2025లో లీగు నడిపే ఒప్పందం తేలక ఐఎస్ఎల్ ఆగిపోతే, ఆగస్టులో బెంగళూరు, చెన్నై క్లబ్బులు ఆటగాళ్ళ జీతాలు ఆపేశాయి. పై లీగు పరిస్థితే ఇది. రెండో లీగులో, మూడో లీగులో బ్యాక్ ఆడే కుర్రాడి సంగతి వేరే చెప్పాలా?

ఇది మన ఒక్కళ్ళ దరిద్రం కాదు. ప్రపంచ ఆటగాళ్ళ సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14 వేల మందిని అడిగింది. నూటికి 41 మందికి జీతాలు ఆలస్యం. నూటికి 45 మందికి పైగా సంపాదన నెలకి వెయ్యి డాలర్ల లోపే. టీవీలో మనం చూసే కోట్ల ఆటగాళ్ళు ఆ చెట్టుకి చిటారు కొమ్మ మాత్రమే. రెండు నెలల జీతం ఎగ్గొడితే, పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందం తెంచుకోవచ్చని ఫిఫా 2018లో నియమం తెచ్చింది. మన దేశంలో 2006లోనే బైచుంగ్ భూటియా ముందుండి ఆటగాళ్ళ సంఘం పెట్టాడు. ఆడే ప్రతి తమ్ముడూ ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు కూర్మన్నపాలెం గేటు దగ్గరకి రండి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు ఫ్యాక్టరీని నూటికి నూరు శాతం అమ్మేయాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తుంటే వాళ్ళు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఆ గేటు దగ్గరున్న కాంట్రాక్టు కార్మికుడూ, క్లబ్బులో పది నెలల కాగితం మీద సంతకం పెట్టిన బ్యాకూ ఒకటే మాట మీద బతుకుతున్నారు. కాంట్రాక్టు. ఇద్దరికీ సర్వీసు రిజిస్టర్ లేదు. ఇద్దరిలో ఎవరి మోకాలు పోయినా స్టోర్సులో కుర్చీ లేదు.

ప్రభుత్వ రంగం పోతే రిజర్వేషన్ పోతుందని మనం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. నిజమే, ప్రైవేటు యజమానికి 16వ అధికరణం వర్తించదు. దానితో పాటు పోయేది ఇంకొకటి ఉంది. టెన్త్ తప్పిన దళిత కుర్రాడు తన ఒంటి బలంతో, తన ఆటతో గేటు దాటే దారి పోతుంది. కాలనీ గ్రౌండు పోతుంది. సాయంత్రం పోతుంది. ఆయన ఆడాడని చెప్పే ఎర్ర సిరా గీతల పుస్తకం కూడా పోతుంది. కొలువూ జ్ఞాపకమూ ఒకే బీరువాలో ఉన్నాయి మిత్రులారా. ఆ బీరువాని తుక్కు కింద అమ్మితే రెండూ పోతాయి.

"ప్రైవేటు క్లబ్బులొస్తే ఆటకి డబ్బొస్తుంది కదన్నా" అని అడిగే తమ్ముళ్ళున్నారు. రానివ్వండి, నేను వద్దనలేదు. ప్రొఫెషనల్ ఆట కార్మికుడి హక్కుగానే పుట్టిందని పైన చెప్పాను. నేను అడిగేది మూడే. జీతం నెలనెలా పడాలి. దెబ్బ తగిలితే వైద్యం, తరవాత బతుకు క్లబ్బు బాధ్యత కావాలి. ఏ ఊరి పేరు చెప్పి లైసెన్సు తెచ్చుకున్నారో ఆ ఊరి గ్రౌండు మీద, ఆ ఊరి బస్తీ పిల్లల మీద కొంత ఖర్చు పెట్టాలి. ఇవి లేకుండా ప్రొఫెషనల్ అంటే పాత కూలికి కొత్త జెర్సీ, అంతే.

ఇక మీతో ఒక పని. జ్ఞానాపురం, రైల్వే న్యూకాలనీ, మల్కాపురం, సింధియా, గాజువాక, కంచరపాలెం. ఈ వాడల్లో మీ నాన్నో, తాతో, మావయ్యో ఏ డిపార్ట్‌మెంటు టీముకైనా ఆడి ఉంటే, ఇంట్లో పెట్టె తెరవండి. టీము ఫొటో ఉంటుంది. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి పేరు అడిగి, ఎవరు ఏ చోట ఆడారో ఫొటో వెనక పెన్సిలుతో రాయండి. బ్యాక్ ఆడినోళ్ళ పేర్లు ముందు రాయండి. బతికున్నోళ్ళని ఇప్పుడే అడగండి, రేపటికి వాయిదా వేయకండి. సర్వీసు రిజిస్టర్ నకలు సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకోండి, అది మీ ఇంటి చరిత్ర.

ఏ ఫొటో కిందా "తదితరులు" అనే మాట మాత్రం రాయకండి.

వచ్చే భాగంలో శ్రీకాకుళం ఊసవానిపేట నుంచి సిడ్నీ దాకా, ఉత్తరాంధ్ర ఆడపిల్లలు ఎత్తిన బరువుల గురించి.

జై భీమ్!